ఆర్టిక్యులేషన్: మోకాలి రిపోర్టులో ఒక అర్థం, మాటల రిపోర్టులో మరో అర్థం

ప్రశ్న ఇది. ఐదేళ్ళ బాబును స్పీచ్ థెరపిస్టుకు చూపిస్తే రిపోర్టులో "మిస్‌ఆర్టిక్యులేషన్" అని రాశారు. అదే వారం నాయనమ్మగారి మోకాలి ఎక్స్‌రే రిపోర్టులో "ఆర్టిక్యులార్ సర్ఫేస్ ఇర్రెగ్యులారిటీ" అని వచ్చింది. నిఘంటువులో ఈ మాటకు ఉచ్చారణ అనీ కీలు అనీ రెండర్థాలూ కనిపించాయి. రెండూ ఒకటేనా? బాబుకు ఎముకల సమస్య ఏమైనా ఉందా? తెలుగులో ఏ మాట వాడాలి?

ముందు భయం తీరాలి. బాబు రిపోర్టులో ఆ మాటకు అర్థం పలుకు, నాయనమ్మగారి రిపోర్టులో కీలు. ఒకదానితో ఒకటికి వైద్యపరంగా ఏ సంబంధమూ లేదు. మాటల పుట్టుకలో మాత్రం రెండింటిదీ ఒకే వేరు. ఆ వేరు తెలిస్తే ఏ రిపోర్టులో ఏ అర్థమో పట్టడం తేలిక.

లాటిన్‌లో ఆర్టుస్ అంటే కీలు, ఆర్టిక్యులుస్ అంటే చిన్న కీలు. వేలి కణుపులు చూడండి. వేలు ఒకటే అయినా కణుపుల దగ్గర మూడు భాగాలుగా కనిపిస్తుంది. చెరకు గడా అంతే. లాటిన్ వాళ్ళు మాటను కూడా ఇలాగే చూశారు. మూలుగు, ఏడుపు, అరుపు కణుపుల్లేని కర్రలాంటివి, ఎక్కడా విడి భాగాలుండవు. "అమ్మా, ఆకలి" అన్నప్పుడు మాత్రం అ, మ్మా, ఆ, క, లి అని దేనికది తెలుస్తుంది. అలా కణుపులు కణుపులుగా, విడివిడిగా తెలిసేలా పలకడమే వాళ్ళ దృష్టిలో ఆర్టిక్యులేషన్. ఎముకల కీలు ముందు నుంచీ ఉన్న అర్థం, స్పష్టమైన పలుకు దాని మీద పుట్టిన అర్థం.

ఇందుకు మన దగ్గర అచ్చంగా సరిపోయే జోడీ ఉంది: పర్వం. సంస్కృతంలో పర్వమంటే వెదురు కణుపు, వేలి కణుపు. అదే మాట మహాభారతంలో 18 భాగాలకు పేరైంది. పున్నమి, అమావాస్య లాంటి కాలపు కణుపులకు కూడా పేరై, పర్వదినంగా మన నోట నిలిచింది. లాటిన్ ఆర్టిక్యులుస్ కూడా ఇదే దారిలో నడిచింది. పుస్తకంలో, చట్టంలో ఒక భాగానికి ఆర్టికల్ అనే పేరు దాన్నుంచే వచ్చింది. రాజ్యాంగంలో 21వ అధికరణం అన్నా, పత్రికలో వ్యాసం అన్నా, ఇంగ్లీషు వ్యాకరణంలో ఏ, ఆన్, ది అన్నా అన్నింటికీ ఆర్టికల్ అనే అంటారు. వ్యాకరణంలో ఆ పేరు గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులు ఈ చిన్న పదాలను ఆర్థ్రాన్, అంటే కీలు, అన్నారు. లాటిన్ వాళ్ళు దాన్నే అనువదించుకున్నారు.

ఇక్కడే మన వాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి ఉంది. కీలుకు సంస్కృతంలో సంధి అనే మాట ఉంది, భాషలోనూ సంధి ఉంది. కాబట్టి ఆర్టిక్యులేషన్ అంటే సంధే అనుకుంటారు. శరీరశాస్త్రంలో అది చెల్లుతుంది, భాషలో పూర్తిగా తలకిందులవుతుంది. రాముడు, ఇతడు కలిసి "రాముడితడు" అయినప్పుడు మధ్యలో ఉన్న ఉకారం పోయి రెండు పదాల మధ్య హద్దు చెరిగిపోతుంది. ఆర్టిక్యులేషన్ చేసే పని హద్దు తెలిసేలా చేయడం. కీలు రెండింటిని కలుపుతుంది, రెండింటిని వేరుగానూ చూపిస్తుంది. సంస్కృత వ్యాకరణం కలయికను తీసుకుంది, లాటిన్ విభజనను తీసుకుంది. మాటల రిపోర్టులో ఆర్టిక్యులేషన్‌ను సంధి అని ఎప్పుడూ రాయకండి.

ఇక నాయనమ్మగారి రిపోర్టు. ఆర్టిక్యులార్ సర్ఫేస్ అంటే కీలులో ఒక ఎముక ఇంకో ఎముకకు ఎదురుగా ఉండే నున్నటి ముఖం. దాని మీద ఉండే పొర ఆర్టిక్యులార్ కార్టిలేజ్, మనం గుజ్జు అంటాం, పుస్తకాల్లో మృదులాస్థి. మోకాలిలో ఇది సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానిలో రక్తనాళాలు ఉండవు, నరాలు ఉండవు. అందుకే అరుగుదల మొదట్లో నొప్పి తెలియదు, అరిగింది మళ్ళీ సులువుగా పెరగదు. గుజ్జు ఎక్స్‌రేలో కనబడదు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నల్లగా కనిపించే ఖాళీని బట్టి గుజ్జు ఎంత మిగిలిందో అంచనా వేస్తారు. ఆ ఖాళీ తగ్గితే "జాయింట్ స్పేస్ రెడ్యూస్డ్" అని రాస్తారు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఖాళీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ఆవిడ నిలబడి తీయించుకున్నదో కాదో చూసుకోండి, కాకపోతే డాక్టరుగారికి చెప్పండి.

ఇదే కుటుంబం మాటలు ఇంకొన్ని రిపోర్టుల్లో తగులుతాయి. ఇంట్రా ఆర్టిక్యులార్ ఇంజెక్షన్ అంటే కీలు లోపలికి ఇచ్చే సూది, పెరి ఆర్టిక్యులార్ అంటే కీలు చుట్టూ. ఇంట్రా ఆర్టిక్యులార్ ఫ్రాక్చర్ అంటే విరిగిన గీత కీలు ముఖం దాకా పాకింది అని. అది మామూలు విరుపుకన్నా జాగ్రత్తగా చూడాల్సింది. మణికట్టు దగ్గర ఆ ముఖంలో 2 మిల్లీమీటర్ల మెట్టు మిగిలినా ముందు ముందు కీలు అరుగుతుందని సర్జన్లు పట్టించుకుంటారు.

క్రియగా వాడినప్పుడు అనువాదాలు ఘోరంగా తప్పుతాయి. శరీరశాస్త్రం పుస్తకాల్లో "ఫీమర్ టిబియాతో ఆర్టిక్యులేట్ అవుతుంది" అన్న వాక్యం పేజీకొకటి ఉంటుంది. అంటే తొడ ఎముక కాలి పెద్ద ఎముకతో కీలు కడుతుంది. గొంతులో నాలుక మొదలుకు ఆధారంగా ఉండే హయాయిడ్ ఎముక గురించి, అది మరే ఎముకతోనూ ఆర్టిక్యులేట్ కాదు అని రాస్తారు. యంత్రానువాదం దీన్ని "హయాయిడ్ ఎముక మరే ఎముకతోనూ ఉచ్చరించదు" అని తేల్చగలదు. సరైన తెలుగు: "ఈ ఎముక మరే ఎముకతోనూ కీలు కట్టదు, కండరాలతో, బంధనాలతో వేలాడుతుంది." నడుము ఎం.ఆర్.ఐ.లో వచ్చే "సుపీరియర్ ఆర్టిక్యులార్ ప్రాసెస్" ఇంకా ప్రమాదం. సుపీరియర్‌కు ఉన్నత, ఆర్టిక్యులార్‌కు ఉచ్చారణ, ప్రాసెస్‌కు ప్రక్రియ అని నిఘంటువు అర్థాలు తీసుకుంటే మూడుకు మూడూ తప్పే. ఎముకల దగ్గర ప్రాసెస్ అంటే బయటికి పొడుచుకొచ్చిన కొమ్ము. ఆ మాటకు అర్థం: వెన్నుపూస మీద, పై పూసతో కీలు కలిసే పై కొమ్ము.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట డిస్ఆర్టిక్యులేషన్. ఆపరేషన్ అంగీకార పత్రంలో "హిప్ డిస్ఆర్టిక్యులేషన్" అని ఉంటే, తుంటి కీలు దగ్గర కాలిని మొత్తంగా తీసేయడం అని అర్థం. ఎముకను మధ్యలో కోయకుండా కీలు దగ్గరే వేరుచేస్తారు కాబట్టి ఆ పేరు. కీలు జారడం, తొలగడం వేరే మాట: డిస్‌లొకేషన్. అది సరిచేస్తే మళ్ళీ కూర్చుంటుంది. ఈ రెండింటినీ కలిపి "కీలు తప్పింది, సరిచేస్తారట" అని ఇంట్లో వాళ్ళకు చెబితే జరిగే అన్యాయం ఇంతా అంతా కాదు. సంతకం పెట్టేముందు "కాలు ఉంటుందా, ఉండదా?" అని సూటిగా అడగాలి. అనువాదం చేసేవాళ్ళు "కీలు దగ్గర అవయవాన్ని తీసివేయడం" అని పూర్తిగా రాయాలి.

కీళ్ళకు తెలుగులో మాటలు లేవని బాధపడనక్కర లేదు. సుశ్రుత సంహిత శారీర స్థానంలో 210 సంధులను లెక్కపెట్టి, వాటిని ఎనిమిది రకాలుగా విడదీశారు. పేర్లన్నీ చూసిన వస్తువుల నుంచి తెచ్చినవే. భుజం, తుంటి, పళ్ళు ఉలూఖలాలు, అంటే రోళ్ళు. తల ఎముకలవి తున్నసేవనులు, అంటే గుడ్డకు వేసిన కుట్లలాంటివి. ఆధునిక వైద్యం కూడా వాటిని సూచర్ అనే అంటుంది, ఆ లాటిన్ మాటకూ కుట్టు అనే అర్థం. దవడ కీలు పేరు వాయసతుండం, కాకి ముక్కు. నోరు తెరిచి మూస్తూ చెవి ముందు వేలు పెట్టి చూసుకుంటే ఆ కీలు కదలిక వేలికి తెలుస్తుంది.

ఇప్పుడు బాబు రిపోర్టు. మిస్‌ఆర్టిక్యులేషన్ అంటే కొన్ని ధ్వనులు పలకాల్సిన చోట పలకాల్సిన తీరున రాకపోవడం. రిపోర్టులో నాలుగు మాటల్లో ఒకటి తప్పక ఉంటుంది. సబ్‌స్టిట్యూషన్ అంటే ఒక ధ్వని బదులు ఇంకోటి: రైలును "లైలు" అనడం, కాకిని "తాతి" అనడం. ఒమిషన్ అంటే వదిలేయడం: "రోజు"ను "ఓజు" అనడం. డిస్టార్షన్ అంటే ధ్వని వంకరగా రావడం: స పలికేటప్పుడు గాలి నాలుక పక్కల నుంచి జారిపోవడం లాంటిది. అడిషన్ అంటే లేనిది చేర్చడం. పక్కన ఇనిషియల్, మీడియల్, ఫైనల్ అని ఉంటుంది, పదం మొదట, మధ్య, చివర అని. తెలుగు పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి ఫైనల్ గడి ఖాళీగా ఉన్నా, బస్, పెన్ లాంటి అరువు పదాలతో నింపినా కంగారు పడనక్కర లేదు. "ఓపీఎంఈ నార్మల్" అని ఉంటే పెదవులు, పళ్ళు, నాలుక, అంగిలి నిర్మాణం, కదలిక బాగున్నాయని.

తప్పు కానిదాన్ని తప్పుగా రాయించుకోకండి. ఇంట్లో అందరూ నీళ్ళను "నీల్లు" అంటే బాబూ అలాగే అంటాడు. భారతాన్ని "బారతం", బాణాన్ని "బానం" అనడం లక్షలమంది మాట్లాడే తెలుగు. అది ఇంటి మాండలికం, దానికి థెరపీ అక్కర్లేదు. మీ ఇంట్లో ఎలా పలుకుతారో థెరపిస్టుకు ముందే చెప్పండి.

ఒక ధ్వనిని విప్పి చూపిస్తే ఆర్టిక్యులేషన్ అంటే ఏమిటో చేతికి అందుతుంది. ల పలకండి, మధ్యలో ఆపండి. నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు గట్టును తాకి అక్కడే నిలిచి ఉంటుంది, గాలి రెండు పక్కల నుంచి పోతుంది. ఇప్పుడు ర. కొన దాదాపు అదే చోటికి పోతుంది, కానీ నిలవదు. ఒక్కసారి తట్టి కిందికి దిగుతుంది. "కర్ర" అన్నప్పుడు వరసగా కొన్నిసార్లు తట్టుతుంది. రైలును లైలు అనే పిల్లవాడు చోటు సరిగ్గానే పట్టాడు, తట్టి వదలడం రాలేదు. మన వ్యాకరణం ఈ మూడింటికీ పేర్లు పెట్టింది: తగిలే చోటు స్థానం, తగిలించేది కరణం, తగిలించే తీరు ప్రయత్నం. ప్లేస్ ఆఫ్ ఆర్టిక్యులేషన్, ఆర్టిక్యులేటర్, మ్యానర్ ఆఫ్ ఆర్టిక్యులేషన్ అనేవాటికి ఇంతకన్నా మంచి తెలుగు వెతకనక్కర లేదు.

ర కోసం ఇంగ్లీషు వీడియోలు చూపించకండి. ఇంగ్లీషు ర పలికేటప్పుడు నాలుక కొన సాధారణంగా గట్టును తాకదు. పిల్లవాడు కష్టపడి అది నేర్చుకుంటే తెలుగులో మరో తప్పు తయారవుతుంది.

క బదులు త పలికే పిల్లలకు స్థానమే తేడా. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట కొన లేస్తుంది. నాలుక కొనను కింది పళ్ళ వెనక ఆనించి ఉంచి "క" అనిపించడం థెరపిస్టులు వాడే పద్ధతి. కొన లేవకుండా ఉంటే వెనక భాగమే పని చేయాలి. వాళ్ళ దగ్గర ఒకసారి చూసి నేర్చుకుని ఇంట్లో చేయించండి. పలికించే ముందు వినిపించండి. కోట, తోట బొమ్మలు ముందు పెట్టి మీరు ఒకటి చెబితే బాబు దాన్ని ముట్టుకోవాలి. అలాగే కల, తల జత. ర కోసం అయితే కారు, కాలు జత, రేపు, లేపు జత. వినికిడిలో తేడా పట్టనివాడి నోట ఆ తేడా నిలవదు. తర్వాత ధ్వని ఒంటరిగా, ఆ తర్వాత క, కా, కి, కు. అది కుదిరాక పదాలు, చిన్న వాక్యాలు, చివరకు మామూలు కబుర్లు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కకండి. ఎక్కువ ఇళ్ళలో జరిగే పొరపాటు ఇక్కడే: అక్షరం రాగానే సరాసరి "రైలు రయ్యిన వచ్చింది" అనమంటారు, పాత అలవాటు వెంటనే తిరిగొస్తుంది. పూటకు పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు వారానికోసారి గంటసేపు కూర్చోబెట్టడం కన్నా మేలు.

వినికిడి పరీక్ష జరిగిందో లేదో ముందు చూడండి. జరగకపోతే అదే మొదటి పని, ఎందుకంటే వినపడని ధ్వనిని ఎవరూ నేర్పలేరు. పీకలు ఊదించడం, బుడగలు ఊదించడం వల్ల ర, క వస్తాయనడానికి ఆధారాలు లేవు. నాలుక మీద వస రాయడం మనిళ్ళలో ఉన్న ఆచారమే అయినా, నాలుక ఎక్కడ తగలాలో అది నేర్పదు. నాలుక కింద తీగ కోయించాలా అన్నది నాలుక కదలికను పరీక్షించి డాక్టరు, థెరపిస్టు కలిసి తేల్చాలి. మాట తేడాగా ఉన్నంత మాత్రాన అది అవసరం కాదు.

ఈ రెండర్థాలు ఒకే మనిషిలో నిజంగా కలుసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. దవడ కీలు జారి నోరు తెరిచి ఉండిపోతే పెదవులు కలవవు, కాబట్టి ప, బ, మ రావు. అది కీలు దెబ్బతిని పలుకు దెబ్బతినడం. స్వరపేటికలో క్రైకోఅరిటినాయిడ్ అనే చిన్న కీళ్ళ జత ఉంది. రుమటాయిడ్ కీళ్ళవాతం వాటికి పాకితే గొంతు బొంగురుపోవచ్చు. అయితే బొంగురు గొంతు ఆర్టిక్యులేషన్ సమస్య కాదు. అక్కడ చెడింది స్వరం, ధ్వనులు విడివిడిగానే తెలుస్తాయి. పంటి డాక్టరు దగ్గర మూడో అర్థం ఎదురవుతుంది. అక్కడ ఆర్టిక్యులేషన్ అంటే పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి తగిలే తీరు. ఆర్టిక్యులేటర్ అంటే పళ్ళ అచ్చులు బిగించి దవడ కదలికను చూసే పరికరం. ఆర్టిక్యులేటింగ్ పేపర్ అంటే కొరకమని నోట్లో పెట్టే రంగు కాగితం. ఎత్తుగా ఉన్న చోట రంగు అంటుతుంది, అక్కడ అరగదీస్తారు.

భాషాశాస్త్రం చదివేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫ్రెంచి భాషావేత్త ఆంద్రే మార్టినే 1949లో చెప్పిన డబుల్ ఆర్టిక్యులేషన్‌కు నోటితో పని లేదు. భాష అర్థమున్న ముక్కలుగా, ఆ ముక్కలు మళ్ళీ అర్థం లేని ధ్వనులుగా రెండంచెల్లో విడిపోవడం అది. ధ్వనిశాస్త్రంలో అదే పేరుకు, ఇగ్బో భాష పేరులోని గ్బ లాగా, రెండు చోట్ల ఒకేసారి పలకడం అని అర్థం. మొదటిది రెండంచెల విభజన, రెండోది జంట స్థాన ఉచ్చారణ. ఇక మనిషిని ఆర్టిక్యులేట్ అన్నప్పుడు, చివర "లేట్" కాకుండా "లిట్" అని పలుకుతారు, తన ఆలోచనను తేటగా చెప్పగలవాడని అర్థం. నత్తి ఉన్నవారు కూడా ఆ అర్థంలో ఆర్టిక్యులేట్ కావచ్చు.

చివరగా ఇంకో మాట. పెద్దవాళ్ళ డిశ్చార్జ్ కాగితంలో డిస్ఆర్థ్రియా అని కనిపిస్తే, అందులో ఆర్థ్ ఉంది కదా అని ఆర్థ్రైటిస్‌తో కలపకండి. రెండింటిలోనూ ఉన్నది పైన చెప్పిన గ్రీకు ఆర్థ్రానే. ఆర్థ్రైటిస్ కీళ్ళ వాపు, డిస్ఆర్థ్రియా మాట ముద్ద కట్టడం. నాలుకను, పెదవులను కదిపే కండరాలకు నరాల ఆజ్ఞ సరిగ్గా అందకపోవడం వల్ల అది వస్తుంది. "నరం లేని నాలుక" అని సామెతగా అంటాం గానీ, నాలుకను కదిపేది 12వ కపాల నాడి. నాయనమ్మగారి మాట ఎప్పుడైనా ఉన్నట్టుండి ముద్దగా వస్తే, మూతి ఒక పక్కకు లాగినా లాగకపోయినా, అది పక్షవాతం మొదలు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, చివరిసారి ఆవిడ మామూలుగా మాట్లాడిన సమయం కాగితం మీద రాసుకుని బయల్దేరండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా ఆ సమయం నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.